బెయిలొచ్చినా జామీను ఉండే దిక్కేదీ?

జైళ్లలో ఆడపడుచుల గోడు - చట్టం తలుపు తీసినా ఊరు కదలాలి

రాజమహేంద్రవరం: ఇంటి మగవాడు ఏదో కేసులో ఇరుక్కొని జైలుకు పోతే ఇల్లాలు పుస్తెలు తాకట్టు పెట్టి అయినా ప్లీడరును పెడుతుంది. వాయిదా వాయిదాకీ కోర్టు మెట్ల మీద కూర్చుంటుంది. అరటిపళ్లో, బన్నురొట్టెలో పట్టుకొని ములాఖతు కోసం జైలు గేటు ముందు నిలబడుతుంది. అదే ఇల్లాలు జైలుకు పోతే ఆమె కోసం నిలబడేవారు చాలా ఇళ్లలో కానరారు. మొగుడు మొహం చాటేస్తాడు. అన్నదమ్ములు పరువు పోయిందంటారు. ఊరు ఆమె పేరు ఎత్తడమే మానేస్తుంది.

ఆడవారు చేసే నేరాలు మగవారి నేరాలతో పోలిస్తే బహు తక్కువ. దేశం మొత్తం మీద జైళ్లలో ఉన్న ప్రతి వందమందిలో ఆడవారు నలుగురే. సంఖ్య తక్కువ కావడం వల్లనే కాబోలు, వారి బాగోగులు ఎవరికీ పట్టడం లేదు. జైళ్లన్నీ మగ ఖైదీలను దృష్టిలో ఉంచుకొని కట్టినవే. ఆడవారి కోసం చట్టంలో, సుప్రీం కోర్టు తీర్పుల్లో ఎన్నో మంచి ఏర్పాట్లు ఉన్నాయి. అయితే అవి ఉన్నట్లు పల్లెల్లో పదిమందికీ తెలియదు. తెలిసినవారు నలుగురున్నా ముందుకు రారు. ఫలితంగా బెయిలు మంజూరైన ఆడది కూడా జామీను ఉండే మనిషి లేక లోపలే మగ్గవలసి వస్తోంది.

లెక్కలు చెప్పే నిజం

కేంద్ర ప్రభుత్వ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని 1,330 జైళ్లలో 5,73,220 మంది ఖైదీలున్నారు. వారిలో ఆడవారు 23,772 మంది. మొత్తం ఖైదీల్లో 4,34,302 మంది ఇంకా విచారణ పూర్తికాని రిమాండు ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి నేరం చేశారని ఏ కోర్టూ ఇంకా తేల్చలేదన్నమాట.

ఆ రోజున 1,537 మంది తల్లులు తమ పసిపిల్లలతో సహా జైళ్లలో ఉన్నారు. ఆ పిల్లలు 1,764 మంది. ఈ తల్లుల్లో శిక్ష పడినవారు 198 మంది మాత్రమే కాగా 1,312 మంది రిమాండు ఖైదీలే కావడం గమనార్హం. ఏ పాపం ఎరుగని పసివాళ్లు వందల సంఖ్యలో, తల్లి మీద నేరం రుజువు కాకముందే, జైలు గోడల మధ్య నడక నేరుస్తున్నారు.

ఆ 1,330 జైళ్లలో అచ్చంగా ఆడవారి కోసం ఉన్నవి 34 మాత్రమే. మన రాష్ట్రంలో రాజమహేంద్రవరం, కడపలలోనూ, తెలంగాణలో హైదరాబాదు చంచల్‌గూడలోనూ ప్రత్యేక మహిళా కారాగారాలున్నాయి. మిగతా చోట్ల మగ ఖైదీల జైల్లోనే గోడ అడ్డం కట్టిన ఒక భాగం ఆడవారికి కేటాయిస్తారు. శిక్ష పడ్డ ఆడమనిషిని సొంత ఊరికి ఎంతో దూరాన ఉన్న జైలుకు పంపవలసి రావడంతో, వెళ్లి చూద్దామనుకున్న ముసలి తల్లికి కూడా బస్సు చార్జీలు, కూలి నష్టం అడ్డు వస్తాయి. ఖైదీలైన స్త్రీలను వీలైనంతవరకు ఇంటికి దగ్గరలోనే ఉంచాలని 2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు చెబుతున్నాయి.

మన ఊళ్లోనూ జరగవచ్చు

ఎక్కడో పట్నంలో జరిగే సంగతి ఇదని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఉదాహరణకు ఇలా అనుకుందాం. పొలం గట్టు దగ్గర రెండు కుటుంబాలు తగాదా పడ్డాయి. మాటా మాటా పెరిగింది. ఎవరి చేతిలోనో కొడవలి లేచి అవతలివాడికి గట్టి గాయమైంది. కేసులో అన్నదమ్ములిద్దరితో పాటు వారి అప్పను కూడా మూడో ముద్దాయిగా రాశారు. ఆమె విధవరాలు. కూలి చేసుకొని బ్రతుకుతోంది. నాలుగేళ్ల పిల్ల, తొమ్మిదేళ్ల పిల్లవాడు ఉన్నారు. ఇప్పుడు ఆమెకు ఏయే రక్షణలున్నాయో చూద్దాం.

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పొద్దు గూకిన తర్వాత, పొద్దు పొడవక ముందు ఆడమనిషిని అరెస్టు చేయరాదు. తప్పనిసరి పరిస్థితి వస్తే మహిళా పోలీసు అధికారి కారణాలు రాసి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవలసి ఉంటుంది. ఆమెను సోదా చేయవలసి వస్తే మరో ఆడమనిషే, మర్యాద తప్పకుండా చేయాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. ఆమె కోరిన బంధువుకో, తెలిసినవారికో కబురు చేయాలి. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. దారి ప్రయాణం మాత్రం ఈ లెక్కలోకి రాదు.

కేసులో సాక్షిగా మాత్రమే కావలసిన ఆడమనిషిని పోలీసు స్టేషనుకు రమ్మనడానికి కూడా వీల్లేదు. ఆమె ఇంటి దగ్గరే వాంగ్మూలం తీసుకోవాలి. స్టేషను లాకప్పులో ఆడవారిని వేరుగా, మహిళా కానిస్టేబుళ్ల కాపలాలో ఉంచాలని సుప్రీం కోర్టు 1983లో షీలా బర్సే కేసులో ఆదేశించింది.

ఈ సంగతులు స్టేషను దగ్గరకు వెళ్లి మర్యాదగా అడిగే మనిషి ఒక్కరున్నా చాలు, వ్యవహారం తీరు మారుతుంది. ఒంటరిగా ఉన్న ఆడమనిషి మాత్రం చట్టాన్ని అడిగే స్థితిలో ఉండదు. ఆమె ధ్యాసంతా ఇంటి దగ్గర పిల్లలు అన్నం తిన్నారో లేదో అనే.

ప్లీడరు ఫీజు అక్కరలేదు

డబ్బు లేక ప్లీడరును పెట్టుకోలేకపోయాం అన్న మాట పల్లెల్లో తరచూ వినిపిస్తుంది. ఆడవారి విషయంలో ఆ దిగులు అవసరం లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవారందరికీ, వారి ఆదాయం ఎంత అన్నదానితో పని లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ, కోర్టులున్న ఊళ్లలోని మండల న్యాయ సేవా కమిటీకి గానీ తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇస్తే చాలు. జైల్లో ఉన్న మనిషి జైలు అధికారుల ద్వారానే అర్జీ పంపుకోవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ఈ హక్కు వెనుక మన ప్రాంతపు ఆడపడుచు కథ ఒకటి గుర్తు చేసుకోదగినది. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టి కాకినాడలో పెరిగిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. వెల్లూరు జైల్లో ఆమెకు చదువురాని ఆడ ఖైదీలు ఎందరో తారసపడ్డారు. తమ తరఫున చెప్పుకోవడం చేతగాక, చెప్పేవారు లేక శిక్షలు అనుభవిస్తున్నవారు వారిలో ఉన్నారు. అటువంటివారికి సాయపడాలంటే న్యాయశాస్త్రం చదవాలని ఆమె అక్కడే నిశ్చయించుకున్నారు. తర్వాత కాలంలో పట్టుదలతో చదివి మద్రాసులో ప్లీడరు అయ్యారు. రాజ్యాంగ సభలోనూ సభ్యురాలయ్యారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లి వచ్చిన ఆడవారికి ఊళ్లు హారతులు పట్టాయి. వారి పక్క గదుల్లో ఉన్న మామూలు ఆడ ఖైదీలను తలచినవారు తక్కువ. దుర్గాబాయి తలచారు.

జామీను దగ్గరే చిక్కు

బెయిలు విషయంలోనూ చట్టం ఆడవారి పట్ల కొంత దయ చూపింది. మరణశిక్షో, యావజ్జీవమో పడదగిన నేరం మోపబడినప్పటికీ, ముద్దాయి స్త్రీ అయితే బెయిలు ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు కూడా ఉంది. బెయిలు ఇవ్వదగిన చిన్న కేసుల్లో వారం రోజుల్లోగా జామీను తెచ్చుకోలేని మనిషిని బీదగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలి. నిర్ణీత గడువులో, అంటే నేరాన్ని బట్టి 60 రోజుల్లో గానీ 90 రోజుల్లో గానీ, పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు ముద్దాయికి వస్తుంది. అడగనిదే రాదు.

మొదటిసారి కేసులో ఇరుక్కున్నవారు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపేసి ఉంటే, వారిని పూచీకత్తు మీద విడుదల చేయాలని కొత్త చట్టం 479వ సెక్షను చెబుతోంది. మిగతావారికి సగం కాలం. మరణశిక్ష, యావజ్జీవం పడదగిన కేసులకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. గడువు నిండగానే జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయవలసి ఉంటుంది.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు బెయిలు ఉత్తర్వు వచ్చాక మొదలవుతుంది. ఇద్దరు జామీనుదారులు కావాలంటారు. వారు ఇంటి పన్ను రశీదో, పట్టాదారు పాసుపుస్తకమో తెచ్చి కోర్టులో చూపించాలి. మనం చెప్పుకొన్న విధవరాలి పేరున సెంటు భూమి లేదు. అన్నదమ్ములు ఆమెతో పాటే ముద్దాయిలు. బావగారు పుస్తకం ఇవ్వనంటాడు. ఊళ్లో మిగతావారు మనకెందుకొచ్చిన గొడవ అనుకుంటారు. కాగితం మీద బెయిలు వచ్చి ఆమె లోపలే ఉంటుంది. పరాయి ఊళ్లో డబ్బు తీసుకొని జామీను నిలబడేవారిని వెదుక్కోవలసిన గతి కొందరికి పడుతుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే తాపీ పనివాని కేసు సుప్రీం కోర్టుకు వచ్చింది. కింది కోర్టు అతనిని పదివేల రూపాయల జామీను అడిగింది. వేరే జిల్లాలో ఆస్తి ఉన్నదనే కారణంతో అతని సోదరుని జామీను తిప్పికొట్టింది. జస్టిస్ కృష్ణయ్యర్ దీనిని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద విడుదల చేయాలని చెప్పారు. బీదవాడికి తలకు మించిన జామీను అడగడం బెయిలు నిరాకరించడంతో సమానమన్నది ఆ తీర్పు సారాంశం.

2023 జనవరి 31న సుప్రీం కోర్టు మరికొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు ఉత్తర్వు ప్రతిని అదే రోజున గానీ మరుసటి రోజున గానీ జైలుకు పంపాలి. వారం రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెల రోజులైనా జామీను సమకూరకపోతే కోర్టు తనంత తానుగా షరతులను సడలించే విషయం పరిశీలించవచ్చు. స్థానికులే జామీను ఉండాలన్న పట్టుదల వల్ల ఆలస్యం జరుగుతోందని కూడా కోర్టు గుర్తించింది.

జామీను సొమ్ము, జరిమానా కట్టుకోలేని బీద ఖైదీల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో ఒక పథకం ప్రవేశపెట్టింది. ఆ ఏడాది ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రిమాండు ఖైదీకి రూ.40,000 వరకు, శిక్ష పడ్డవారి జరిమానాకు రూ.25,000 వరకు జిల్లా కమిటీ మంజూరు చేయవచ్చు. దీని సంగతి న్యాయ సేవాధికార సంస్థలో విచారించవచ్చు.

భయం ఎంతవరకు నిజం?

జామీను సంతకం పెడితే పొలం మొత్తం కోర్టు పాలవుతుందన్న భయం రైతుల్లో ఉంది. నిజానికి జామీనుదారు బాధ్యత బాండులో రాసిన మొత్తం వరకే. ముద్దాయి వాయిదాలకు క్రమంగా వస్తున్నంత కాలం పైసా కట్టనక్కరలేదు. రాకుండా పోతేనే ఆ మొత్తం ఎందుకు వసూలు చేయకూడదో చెప్పుకోమని కోర్టు అడుగుతుంది. ముద్దాయి నడవడి మీద నమ్మకం పోతే జామీను నుంచి తప్పించమని కోర్టుకు దరఖాస్తు పెట్టుకొనే వీలు కూడా ఉంది. అయితే పూచీ అన్నది ఉత్త మాట కాదు. వాయిదా తేదీలు గుర్తుపెట్టుకొని ఆమెను కోర్టుకు తీసుకువెళ్లగలిగినవారే సంతకానికి ముందుకు రావాలి. పిల్లలను వదిలి పారిపోయే తల్లులు మన ఊళ్లలో ఎందరుంటారో పెద్దలే ఆలోచించుకోవాలి.

చంకలో బిడ్డ - ఇంట్లో బిడ్డ

ఇక పిల్లల సంగతి. ఈ విషయంలో దేశం మొత్తానికి దారి చూపిన కేసు మన రాష్ట్రం పేరు మీదనే ఉండడం విశేషం. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీం కోర్టు వివరమైన తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం ఆరేళ్లు నిండేవరకు బిడ్డను తల్లి తనతో పాటు జైల్లో ఉంచుకోవచ్చు. ఆ బిడ్డను ఖైదీగా చూడరాదు. తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆటపాటలు బిడ్డ హక్కుగా ఇవ్వాలి. పిల్లల కోసం క్రెష్, నర్సరీ బడి ఏర్పాటు చేయాలి. వీలైతే అవి జైలు గోడల వెలుపల ఉండాలి.

గర్భవతి అయిన ఖైదీకి వైద్య పరీక్షలు జరపాలి. సాధ్యమైనంతవరకు పురుడు బయటి ఆసుపత్రిలో పోయించాలి. జైల్లో పుట్టినా జనన ధ్రువపత్రంలో జైలు పేరు రాయరాదు. ఆ బిడ్డ రేపు బడిలో చేరేటప్పుడు తలదించుకోకూడదన్నదే దీని ఉద్దేశం. పిల్లలున్న తల్లుల కేసులను కోర్టులు ముందుగా విచారించాలని కూడా ఆ తీర్పు చెప్పింది.

ఆరేళ్లు దాటిన తర్వాత తల్లి కోరిన బంధువులకు బిడ్డను అప్పగించాలి. ఎవరూ లేకపోతే సంక్షేమ వసతి గృహంలో చేర్చి, వారానికి ఒకసారైనా తల్లిని చూసే ఏర్పాటు చేయాలి.

మనం చెప్పుకొన్న తల్లి నాలుగేళ్ల పిల్లను వెంట తీసుకువెళ్లగలదు. తొమ్మిదేళ్ల పిల్లవాడు మాత్రం ఊళ్లోనే ఉండిపోతాడు. అందరికన్నా ఎక్కువ నష్టపోయేది ఇటువంటి పిల్లలే. వారు జైలు లెక్కల్లో కనిపించరు. ఒకరింట్లో పూట, మరొకరింట్లో పూట తిని, చివరకు బడి మాని గొడ్ల వెంటో, హోటలు పనికో పోతారు. ఇటువంటి బిడ్డ ఉన్నట్లు తెలిస్తే 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ముందు ఉంచితే ఆశ్రయం, చదువు చూస్తారు. బడి పంతులుగారు, అంగన్‌వాడీ టీచరు తలచుకుంటే ఈ పని తేలిక.

గోడ లోపలి అవసరాలు

ఆడ ఖైదీల స్థితిగతులపై జస్టిస్ కృష్ణయ్యర్ అధ్యక్షతన నియమించిన జాతీయ సంఘం 1987లోనే నివేదిక ఇచ్చింది. 2016 నాటి నమూనా జైలు నియమావళిలో మహిళా ఖైదీల కోసం ప్రత్యేక అధ్యాయం ఉంది. ఆడవారి గదుల్లోకి మగ సిబ్బంది ఒంటరిగా వెళ్లరాదు. లేడీ డాక్టరు, తగినంత నీరు, నెలసరి సమయంలో కావలసిన గుడ్డలు లేక ప్యాడ్లు, మరుగున్న స్నానాల గదులు ఉండాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఏ ఇంట్లో ఆడవారికైనా ఉండవలసిన కనీస సౌకర్యాలే.

కనబడని గాయం మరొకటి ఉంది. ఏళ్ల తరబడి మొగుడి చేత దెబ్బలు తిని, ఒకనాడు తెగించి కేసులో ఇరుక్కున్నవారు ఉంటారు. వారికి మందుబిళ్లతో పాటు మంచి మాట చెప్పేవారు కావాలి. బ్యాంకాక్ నియమాలు దీనిని ప్రత్యేకంగా ప్రస్తావించాయి. పురిటి నొప్పుల సమయంలో సంకెళ్లు వేయరాదని కూడా అవి స్పష్టం చేస్తున్నాయి.

నేరం చేసినవారిని వెనకేసుకు రావడమేమిటని కొందరు అడగవచ్చు. దెబ్బ తిన్న కుటుంబం బాధ చిన్నది కాదు. వారికి న్యాయం జరగవలసిందే. నేరం రుజువైతే శిక్ష పడవలసిందే. అయితే కోర్టు వేసే శిక్ష స్వేచ్ఛ లేకుండా కొంతకాలం ఉండమని మాత్రమే. ఆకలి, రోగం, అవమానం, పిల్లల బ్రతుకు పాడుకావడం ఆ శిక్షలో రాయలేదు. చిన్న నేరాల్లో మొదటిసారి దొరికినవారిని జైలుకు పంపకుండా సత్ప్రవర్తన హామీ మీద విడిచిపెట్టే వీలు 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో ఉంది. కోర్టును అడగవలసిందిగా ప్లీడరుకు గుర్తుచేయడం మంచిది.

బయటికి వచ్చాక ఎక్కడికి?

2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సత్ప్రవర్తన గల యాభైమందికి పైగా జీవిత ఖైదు మహిళలకు ప్రత్యేకంగా శిక్ష తగ్గించి విడుదలకు ఉత్తర్వులిచ్చింది. ఇటువంటి ఉత్తర్వు వచ్చినపుడు సంతోషం ఒకవైపు, దిగులు మరొకవైపు. గేటు దాటాక బస్సెక్కి ఎక్కడికి పోవాలి? ఇన్నేళ్ల తర్వాత ఇంట్లో రానిచ్చేదెవరు? రేషను కార్డులో పేరు ఉందా? డ్వాక్రా సంఘంలో మళ్లీ చేర్చుకుంటారా?

ఏ ఆధారమూ లేనివారికి తాత్కాలికంగా తలదాచుకొనే చోటుగా స్వధార్ గృహాలు ఉండేవి. 2022 తర్వాత మిషన్ శక్తి పథకంలో వాటిని శక్తి సదన్లుగా మార్చారు. జైల్లో కుట్టుపని వంటివి నేర్చుకొని వచ్చిన మనిషికి ఊళ్లో ఒక కుట్టు మిషను, నాలుగు జాకెట్ల పని దొరికితే కొంతలో కొంత నిలదొక్కుకుంటుంది. ఆమె చేతి పని ముట్టుకోమంటే మాత్రం ఏ ప్రభుత్వమూ ఏమీ చేయలేదు.

గ్రామ పెద్దలు, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు, ఉపాధ్యాయులు ఒక మాట అనుకుంటే ఈ పనులు కష్టం కాదు. ఊరి ఆడమనిషి అరెస్టయిందని తెలిసిన రోజునే ఒకరు న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పట్టుకు వెళ్లాలి. ఒకరు పిల్లలను చేరదీయాలి. నెలకొకసారైనా ఎవరో ఒకరు ములాఖతుకు వెళ్లి పిల్లల కబురు చెప్పి రావాలి. బెయిలు వచ్చినపుడు నమ్మకమున్న ఇద్దరు పాసుపుస్తకాలతో కోర్టుకు కదలాలి. మొదటి మూడింటికీ పైసా ఆస్తి అక్కరలేదు. నాలుగోదానికి ఊరందరి పూచీ అవసరం లేదు, ఇద్దరు చాలు.